పొంతన లేని భాగములు

థానే నుండి కశేళి వంతెన దాటి పాత ఆగ్రా రోడ్డు వెంట భివండి పట్టణమునకు వచ్చువారికి ఎదురగు పెద్ద కూడలి అంజూర్ ఫాటా. మరాఠీ భాషలో ఫాటా యనగా త్రోవ చీలిన చోటు. ఇచట ఒక త్రోవ పట్టణములోనికి, ఒకటి థానేకు, ఒకటి చించోటి వైపునకు పోవును. దివా–వసయి రైలుమార్గము మీది భివండి రోడ్ స్టేషను ఈ కూడలికి సమీపముననే కలదు. పగలు రాత్రి యను భేదము లేక లారీలు తిరుగుచుండును. ఒకప్పుడు ఈ ప్రాంతమున వినవచ్చిన ధ్వని మరమగ్గముల దొకటే. నేడు రాహనాళ్, పూర్ణా, కాల్హేర్ గ్రామముల వరకు గోదాములు పెరిగి, మగ్గముల చప్పుడు నడుమ లారీల హారన్లు వినవచ్చుచున్నవి.

మా తండ్రిగారు కరీంనగరు జిల్లాలోని యొక పల్లెలో గుంటమగ్గము మీద నేయుచు, అది కడుపు నింపక, బంధువుల వెంట ఈ యూరికి వచ్చి మరమగ్గపు షెడ్డులో చేరిరి. కామత్‌ఘర్, పద్మానగర్ ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో పెక్కింటి కథ యిదియే గనుక దానిని విస్తరింప బనిలేదు. మేము నేతకంటె మగ్గపు మరమ్మతు పని యందు ఆసక్తి గలవారమై మిస్త్రీలమైతిమి. ముప్పది యేండ్లకు పైగా ఇతరుల మగ్గములు బాగుచేసితిమి. తరువాత సొంతముగా నాలుగు మగ్గములు పెట్టుకొంటిమి. 2019లో ఆ నాలుగును పాత యినుము వ్యాపారికి కిలోల లెక్కన తూచి యిచ్చివేసితిమి. మగ్గము బ్రతుకంతయు గజముల లెక్కన గుడ్డ కొలిచి, తుదకు తాను తూనికకు పోవుట చూచినవారికే ఆ బాధ తెలియును. పనిముట్ల పెట్టె మాత్రము ఇయ్యలేదు. స్పానర్లు, సుత్తులు, ఇత్తడి పిడి గల స్క్రూడ్రైవరు, వెర్నియర్ కాలిపరు అందులోనే యుండిపోయినవి. చివరి మగ్గము ధర మనుమని పేర బ్యాంకులో వేసితిమి.

ఆ మనుమడు పదునాలుగేండ్ల వాడైనప్పుడు, 2023లో, ఆ సొమ్ముతో తనకొక పందెపు సైకిలు కావలెనని యడిగెను. వాడడిగినది మన యెరుకలోని ఇరువదియెనిమిది అంగుళముల నల్ల సైకిలు కాదు. చక్రములు ఇరువది అంగుళములవి, చట్రము పొట్టిది, చేతిపట్టు ఎత్తైనది, గేరులు మార్చు నమరిక లేనిది. దానిని బీఎమ్ఎక్స్ అందురట. బైసికిల్ మోటోక్రాస్ అను మాటలకు అది పొట్టిపేరు.

దాని పుట్టుక వినసొంపైనది. 1970 ప్రాంతమున అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పెద్దలు మోటారు సైకిళ్లపై మట్టిదిబ్బలు దాటు పందెములు చూచి, పిల్లలు తమ చిన్న సైకిళ్లపై ఆ యాట నాడ మొదలిడిరి. 1963లో ష్విన్ కంపెనీ తెచ్చిన స్టింగ్‌రే యను పిల్లల సైకిలు వారి కందుకు అనువైనది. 1982లో వచ్చిన ఈ.టీ. చలనచిత్రములో పిల్లవాడు తొక్కినది జపాను దేశపు కువాహరా కంపెనీ వారి ఇట్టి సైకిలే. పిల్లల యాట పెద్దదై 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఆ యేట పురుషులలో లాత్వియా దేశస్థుడు మారిస్ స్ట్రోంబెర్గ్స్ స్వర్ణము గెలిచి, 2012లో లండనులో మరల గెలిచెను. కొలంబియా దేశపు మరియానా పహోన్ 2012లోను 2016లోను స్త్రీలలో గెలిచెను. మా మనుమని గది గోడమీద నున్నది ఆమె పటమే. ఎనిమిది మంది ఒక వాలుమీద గేటు వెనుక నిలుతురు. గేటు పడగానే మూడు నాలుగు వందల మీటర్ల మట్టిదిబ్బల త్రోవను నలుబది సెకండ్లకు అటునిటుగా ముగింతురు. మొదటి పది తొక్కుళ్లలోనే పందెము సగము తేలిపోవునని వాడు మాకు బోధించెను.

వాని స్నేహితులు కొందరు గోదాము కట్టుటకై పోసిన మట్టి గుట్టలను చదును చేసి సాధన స్థల మేర్పరచుకొనిరి. కట్టడము ఆగియున్నందున కావలివాడు చూచియు చూడనట్లుండెను. మా కుమారునికి ఇది నచ్చలేదు. అతడు గోదాములో లెక్కలు వ్రాయు ఉద్యోగి. "బాపూ, మగ్గం అమ్మిన పైసలు వాని చదువుకని పెట్టినం. సైకిల్కు పెడ్తవా?" అని యడిగెను. మేము మనుమని పక్షము వహించితిమి. ముసలితనమున మనుమల పక్షము వహించుటలో కొంత మురిపెము, కొంత యవివేకము కలిసియుండును.

కొత్త పందెపు సైకిలు ధర మా శక్తికి మించినది గనుక, ఎవరో వాడి విడిచిన అల్యూమినియం చట్రమును చౌకగా కొని, తక్కిన భాగములు ఒక్కొక్కటే సమకూర్చుకొనవలెనని నిశ్చయమాయెను. మనుమడు ఫోను మీద చూచి, ప్రతి భాగమునందును తన యందుబాటులో మేలైనదాని నెన్నుకొనెను. తేలికైన క్రాంకులు ఒకచోట, ముందు పళ్లచక్రము మరియొకచోట, గొలుసు ఇంకొకచోట, సీటు గొట్టము వేరొకచోట దొరికెను. రెండు నెలలలో మా యింటి మూల ఒక చిన్న అంగడి వలె నాయెను. ప్రతిదియు మంచిదే. కాని మంచివన్నియు ఒకదానితో నొకటి కూడునా యని యెవరును అడుగలేదు. పెండ్లి చూపులలో పిల్లవానిని, పిల్లను వేరువేరుగా మెచ్చి, పొంతన చూచుట మరచిన పెద్దల వలె నైతిమి.

భాగములన్నియు ఒక సైకిలు దుకాణమునకు కొనిపోయితిమి. అచటి పనివాడు చేయి తిరిగినవాడే గాని యీ జాతి సైకిలు నెరుగడు. సీటు గొట్టము వదులుగా నుండగా డబ్బా రేకు చుట్టి బిగించెను. క్రాంకుల ఇరుసు తన యొద్ద నున్నదానినే వేసెను. ముందు పళ్లచక్రము కొంత బయటకు వచ్చినట్లు మా కంటికి తోచెను. మేమును అది చూచితిమి. మనుమడు "తాతా, గిట్ల నడుస్తదా?" అని యడిగెను. "నడుస్తది బిడ్డా" అంటిమి. ఈ రెండు మాటలను మేము వ్రాయక తప్పదు. ఏలయన, తరువాతి దోషము దుకాణపు వానికంటె మాకే యెక్కువగా చెందును.

మూడవ దినమున గుట్టమీద సాధన చేయుచు, గేటు పడినట్లు ఊహించుకొని మనుమడు నిలుచుండి బలముగా తొక్కెను. నాలుగవ తొక్కునకు గొలుసు పళ్లచక్రమును విడిచిపోయెను. బలమంతయు పెట్టిన కాలికి ఆధారము లేకపోయెను. వాడు చేతిపట్టు మీదుగా ముందునకు పడెను. మెడ ప్రక్క జత్రుక ఎముక విరిగెను. వైద్యులు పట్టీ కట్టి ఆరు వారములు కదలరాదనిరి. మా కుమారుడు మమ్ముల నొక్క మాటయు అనలేదు. కోడలు వంటయింటిలో నిలుచుండి కన్నీరు తుడుచుకొనెను. అనకుండుట అనుటకంటె బరువైనది.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ముప్పదియేండ్ల నాటి సంగతి యొకటి కనులముందు నిలిచెను. అప్పుడు మేమొక షెడ్డులో మిస్త్రీగా నుంటిమి. ఒక మగ్గమునకు నాడెను విసరు పికింగు టాపెట్టు అరిగిపోయెను. దాని జాతి భాగము ఆనాడు దొరకలేదు. వేరొక కంపెనీ మగ్గపుది చేతిలో నుండెను. రంధ్రము సరిపోయినది, బోల్టు బిగిసినది. యజమాని మగ్గము ఆగరాదని తొందరపెట్టెను. మేము బిగించితిమి. మగ్గమున క్రాంకు ఇరుసు రెండుసార్లు తిరిగిన క్రింది ఇరుసు ఒక్కసారి తిరుగును. పడుగు దారములు విప్పుకొని త్రోవ యిచ్చు క్షణముననే నాడె దూరవలెను. ఆ టాపెట్టు ముక్కు ఆకారము రవ్వంత వేరు. నాడె రవ్వంత ఆలస్యముగా బయలుదేరి, మూసికొనుచున్న పడుగును తగిలి యెగిరి, ప్రక్క మగ్గము నడుపు మన తెలుగు యువకుని కనుబొమకు తగిలెను. కన్ను దక్కినది. మచ్చ నిలిచిపోయినది. అతడు మమ్ము నిందింపక "నసీబు అన్నా" అనెను. కాని అది నసీబు కాదు, మా చేతి పని. బోల్టు బిగిసినంత మాత్రమున భాగము సరిపోయినదని తలచరాదను పాఠము ఆనాడే నేర్చితిమి. నేర్చి, మనుమని సైకిలు దగ్గర మరచితిమి.

మరునాడు పనిముట్ల పెట్టె తెరచి, వెర్నియరును తుడిచి, ఒక నోటు పుస్తకము తీసికొని, సైకిలు నంతయు విప్పితిమి. మనుమడు మంచముమీద నుండి చూచుచుండెను. ఒక్కొక్క భాగమును కొలిచి వ్రాసితిమి. వ్రాసిన కొలది మా యజ్ఞానము మాకు తెలియవచ్చెను.

మొదట చక్రములు. ఇరువది అంగుళములని పేరు గల చక్రములు రెండు జాతులు కలవు. టైరు కూర్చుండు చోట ఒకదాని వ్యాసము 406 మిల్లీమీటర్లు, రెండవదానిది 451. రెంటిమీదను ఇరువది యనియే వ్రాసియుండును. సన్నని 451 రిములు తేలికపాటి పిల్లలకు పనికివచ్చును. 406 రిములు వెడల్పైన టైరు పట్టి దెబ్బలకు ఓర్చును. ఒకదాని టైరు రెండవదానికి ఎక్కదు. మనుమడు తెచ్చిన మొదటి టైరు ఇందుచేతనే నష్టమునకు మార్చుకొనవలసి వచ్చెను. మగ్గపు పని యెరిగినవారికి ఇది వింత కాదు. పన్నె సంఖ్య స్టాక్‌పోర్టు లెక్కలో రెండంగుళములకు ఎన్ని పండ్లో చెప్పును. మెట్రిక్ లెక్కలో పది సెంటీమీటర్లకు ఎన్నియో చెప్పును. పేరు 60 అని యొకటే యైనను నేసిన గుడ్డ వేరు. పేరు నడుగుట చాలదు, ఏ కొలతతో నిలిచిన పేరో యడుగవలెను.

రెండవది క్రాంకుల ఇరుసు కూర్చుండు గూడు. బీఎమ్ఎక్స్ చట్రములలో ఈ గూడు నాలుగు తీరులది. మర లేని పెద్ద గూడు అమెరికను పద్ధతి, దానికంటె చిన్నది మిడ్, ఇంకను చిన్నది స్పానిష్. మర గలది యూరో పద్ధతి. పందెపు చట్రములలో పెక్కింటికి ఈ చివరిదే యుండును, మాదియు అట్టిదే. గూటికి సరిపడు మర గల ఇరుసును దుకాణపువాడు వేసినమాట నిజమే. కాని దాని పొడవు ఎక్కువ. అందుచేత ముందు పళ్లచక్రము ఆరు మిల్లీమీటర్లు బయటకు జరిగి, వెనుక పళ్లచక్రమునకు ఎదురుగా నిలువలేదు. గొలుసు వంకరగా నడిచెను.

మూడవది గొలుసు. గొలుసుల లోపలి వెడల్పు రెండు విధములు. ఒకటి అంగుళములో ఎనిమిదవ వంతు, మరియొకటి ముప్పదిరెండింట మూడు వంతులు. ముందు చక్రపు పళ్లు మొదటి వెడల్పునకు, వెనుక చక్రపు పళ్లు రెండవ వెడల్పునకు చెందినవి. వెడల్పైన గొలుసు వేయగా వెనుక పండ్లమీద దాదాపు 0.8 మిల్లీమీటరు వదులు మిగిలెను. ఇరుసు వంకర, గొలుసు వదులు కలిసి మా మనుమని పడద్రోసినవి. ఒక్కొక్కటి వేరుగా నున్నచో బహుశః పడకపోవును. దోషములు జతకూడినప్పుడే పని చెడును.

నాలుగవది సీటు గొట్టము. చట్రపు రంధ్రము 27.2 మిల్లీమీటర్లు, గొట్టము 25.4. నడుమ నున్నది డబ్బా రేకు. అయిదవది ముందు ఫోర్కు. మన సాధారణ సైకిళ్ల ఫోర్కు మెడ ఒక అంగుళము, పైన మర గలది. ఈ జాతికి అంగుళము మీద ఎనిమిదవ వంతు, మర యుండదు. ఇది యొక్కటి మాత్రము అదృష్టవశమున చట్రముతో కూడ వచ్చినందున సరిగా నుండెను. ఆరవది వెనుక చక్రపు ఇరుసు. చట్రపు కొమ్ముల నడుమ దూరము 110 మిల్లీమీటర్లు, ఇరుసు పది మిల్లీమీటర్లది. వీధిలో గెంతులు వేయు సైకిళ్లకు పదునాలుగు మిల్లీమీటర్ల ఇరుసు వాడుదురు. అది పట్టించుటకై చట్రపు కొమ్ములను ఆకురాయితో అరుగదీయు వారు కలరు. ఇనుప చట్రమునైన కొంత వంచవచ్చును గాని, అల్యూమినియమును వంచరాదు, అరుగదీయరాదు. అది ముందుగా చెప్పక ఒకనాడు విరుగును.

ఈ విచారము చేయుచుండగా, మనుష్యులు ఈ పొంతనకై ఎంత శ్రమపడిరో తలంపునకు వచ్చెను. ఇంగ్లాండులో ఒకప్పుడు ప్రతి కర్మాగారమును తన యిష్టమువచ్చిన మర కోసికొనెడిది. ఒకరి బోల్టు మరొకరి నట్టునకు ఎక్కదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరలకెల్ల నొక్క కొలత యుండవలెనని ప్రతిపాదించెను. మన దేశమున కొలతలు నిర్ణయించుటకు ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషను 1947లో ఏర్పడెను. దాని వారసత్వమే నేటి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్.

ఇంతకంటె మా మనస్సున నాటుకొన్నది కోవెంట్రీ నగరపు కథ. అది పట్టు రిబ్బనులు నేయు మగ్గముల యూరు. 1860లో ఫ్రాన్సుతో జరిగిన వర్తక సంధి వలన విదేశపు రిబ్బనులు సుంకము లేక వచ్చి, నేతగాండ్ర బ్రతుకులు కూలినవి. ఆ యూరివారు పిదప కుట్టు యంత్రములు, ఆపైన సైకిళ్లు చేయ నేర్చిరి. ఆ నగరముననే 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును తెచ్చెను. రెండు సమానమైన చక్రములు, గొలుసుతో వెనుక చక్రమును నడపు నేటి సైకిలు రూపమునకు అదియే మూలము. మగ్గము పోయిన యూరిలో సైకిలు పుట్టినది. మగ్గము నమ్మిన సొమ్ముతో సైకిలు కొన్న మాకు ఆ కథ పరాయిది కాదు.

మరల కూర్చుటలో ఈ క్రమము పాటించితిమి. మొదట చట్రము. అది యేమి కోరునో వ్రాసికొని, కోరినదే తెచ్చుట. తరువాత చక్రములు. పిదప క్రాంకుల పొడవు. పెద్దవారికి 175 మిల్లీమీటర్లు వాడుక యైనను, మా మనుమని కాలి పొడవునకు 165 చాలును. పిదప పళ్ల లెక్క. ముందు 44, వెనుక 16. భాగహారమున 2.75 వచ్చును. దానిని ఇరువది అంగుళములచే గుణించిన 55. అనగా ఒక్క తొక్కునకు సైకిలు సుమారు పదునాలుగు అడుగులు సాగును. ముందు 36 పళ్లు పెట్టినచో పండ్రెండు అడుగులకు లోపలనే సాగును. బయలుదేరుట సులభము, వేగము తక్కువ. మగ్గమున గుడ్డను లాగు పళ్లచక్రము మార్చిన అంగుళమునకు పడు పేకల సంఖ్య మారునట్లే యిదియును. అన్నిటికి పిదప గొలుసు. ముందు వెనుకల పళ్లు ఒకే వెడల్పుగా చేసి, వానికి తగిన గొలుసే తెచ్చితిమి. తేలికదనము చివర చూడవలసినది. వాడు మొదట చూచినది అదే.

చట్రము వంకర లేదని తెలిసికొనుటకు పడుగు దారమొకటి తీసి, వెనుక కొమ్ము నుండి మెడ చుట్టు త్రిప్పి రెండవ కొమ్ముకు కట్టితిమి. నడిమి గొట్టమునుండి దారము రెండు ప్రక్కల సమదూరమున నుండెను. ముందు వెనుక పళ్లచక్రముల కెదుట గూడ దారము పట్టి చూచితిమి. పొట్టి ఇరుసు వేసిన తరువాత దారము ఎక్కడను తాకక తిన్నగా పోయెను. ఆ దారమును చూచి మా కుమారుడు, చాల దినములకు, మంచముమీద మా ప్రక్కన కూర్చుండెను.

ఇక నోటు పుస్తకపు సంగతి. కొలతలన్నియు మేము తెలుగున వ్రాసితిమి. మాకు చక్కగా వచ్చిన వ్రాత అదియే. మనుమడు ఇంట తెలుగు, వీధిలో హిందీ, మరాఠీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడును గాని తెలుగు చదువ నేరడు. మేము బలవంతపెట్టలేదు. అదియు "నడుస్తది" అను మా పాత జబ్బే. పుస్తకము చేతికీయగా వాడు త్రిప్పి చూచి "తాతా, గిది నాకు ఎట్ల తెలుస్తది? ఇంగ్లీషుల రాసియ్యి" అనెను. వ్రాసి యియ్యవచ్చును. కాని ఎముక అతుకుటకు ఆరు వారములు కలవు, వానికి వేరు పని లేదు. గొలుసు, ఇరుసు, చట్రము, గూడు అను మాటలతో అక్షరములు మొదలిడితిమి. వానికి అవసరమైన మాటలు గనుక అక్షరములు త్వరగా పట్టుబడినవి. అయిదవ వారమున పుటలన్నియు కూడబలుకుకొని చదివెను. 'ఇరుసు' అను చోట ఆగి, "గిదేనా నన్ను పడేసింది?" అనెను. "అదిగాదు బిడ్డా, నేను పడేసిన" అంటిమి. వాడు నవ్వెను. నాటి నుండి మా గుండె కొంత తేలికపడెను.

వైద్యులు సరేనన్న పిదప మరి కొన్ని నెలలు సాధన చేసి, వాడొక చిన్న పోటీలో పాల్గొనెను. ఎనిమిది మందిలో ఆరవవాడుగా వచ్చెను. తుది పందెమునకు అర్హత రాలేదు. మా కోడలు కన్నులు మూసికొనియే యుండెను. మా కుమారుడు మాత్రము గేటు పడిన క్షణము నుండి పిల్లవానిని గాక గొలుసునే చూచుచుండెనని తరువాత చెప్పెను. మేమును అట్లే చూచితిమి. గొలుసు ఊడలేదు.

పరప్రాంతమున నిలిచిన మన కుటుంబములకు ఈ సంగతి యేల యని చదువరులు అడుగవచ్చును. మన పిల్లలు కోరునవి మన మెరిగినవి కావు. వారి యాటలు వేరు, వారి యుద్యోగములు వేరు. మగ్గమెరిగిన చేతులకు ఇక పని లేదని మనము ఒక మూల కూర్చుండుట సులభము. కాని కొలుచుట, సరిచూచుట, సరిపడనిదానిని సరిపడదని చెప్పుట — ఇవి మగ్గముతో పాటు తూనికకు పోలేదు. అవి పెట్టెలో నున్నవి. పిల్లలు "నడుస్తదా?" అని యడిగినప్పుడు, మురిపెముచేత కాక, కొలిచి బదులు చెప్పుట మన బాధ్యత.

పోటీ నాటి సాయంకాలము మనుమడు నోటు పుస్తకము చివరి పుటలో తన చేతితో ఒక పంక్తి వ్రాసెను. 'గొలుసు' అనుటలో 'లు'కు కొమ్ము మరచెను. దిద్దలేదు. ప్రక్కన 'సరి' యని సరిగానే వ్రాసెను.